మొదలాళి ముందు నల్లబడని తెర

వేలమ్మాళ్ చేతిలో తప్పు పడదు. విరుదునగర్‌లో పెళ్ళిపత్రికలు అచ్చేయించుకునే ఇళ్ళన్నిటికీ తెలిసిన మాట ఇది. ఇరవై ఒక్క ఏళ్ళు నిలిచిన ఈ మాట, ప్రెస్సుకి కొత్త కంప్యూటర్ వచ్చిన ఇరవై రోజులకే ఊడిపోయింది. ఎవరి మూలాన ఊడిందో తెలిసినవాళ్ళు నలుగురు. ఆ నలుగురిలో నోరు విప్పింది ఒక్క వేలమ్మాళే. ఆమె మాట వినే తీరిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

ఆమెది కోవిల్‌పట్టికి తూర్పున ఒక నల్లరేగడి ఊరు. తండ్రికి నాలుగెకరాల మెట్ట. వాన పడితే పత్తి, పడకపోతే ఆఫీసు. ఆ వైపు ఆఫీసు అంటే కుర్చీలూ బల్లలూ ఉన్న చోటు అనుకునేరు, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీని అలా అంటారు. బడి నుంచి రాగానే సంచీ గోడవార పడేసి, చట్రంలోని గాడుల్లో పుల్లలు పేర్చడం ఆమె చిన్ననాటి ఆట. ఆట అని ఆమే అంటుంది. ఆ ఆటకి వేళ్ళు కాయలు కాశాయని మాత్రం చెప్పదు. ఒక్క గాడి ఖాళీగా ఉన్నా చట్రం మొత్తం వెనక్కి వచ్చేది. వరసలో ఏది లేదో అదే ముందు కంట్లో పడే చూపు ఆమెకి అక్కడే వచ్చింది.

పదో తరగతి అయ్యాక తమిళ టైపు నేర్చుకుంది, లోయరు, హయ్యరు రెండూ. ఆ సర్టిఫికెట్లు పట్టుకుని విరుదునగర్‌లో రంగనాథన్ ప్రెస్సు మెట్లెక్కింది. రంగనాథన్ ఆమె తల్లి పుట్టిన ఊరివాడు, వరసకి మామ. మొదటి రోజే ఆయన ఒక కట్టుబాటు చెప్పాడు. గదిలో ఇద్దరమే ఉన్నప్పుడు మామా అను, తెలుగులో మాట్లాడు. నలుగురిలో మొదలాళీ అను, తమిళంలో మాట్లాడు. యజమానిని ఆ వైపు మొదలాళి అంటారు. తరాలుగా తమిళనాట ఉన్న ఇళ్ళలో మాట్లాడే ఆ తెలుగుకి బడి లేదు, పుస్తకం లేదు, గడప దాటితే చోటు లేదు. కాబట్టి ఆమెకి ఇదేమీ కొత్తగా అనిపించలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నోరు జారలేదు.

రంగనాథన్ చెడ్డవాడని చెప్పేస్తే కథ చెప్పేవాడికి సులువు. కానీ కాదు. ఆమె కాన్పుకి వెళ్తే ఆరు నెలలు ఆ కుర్చీ ఖాళీగా ఉంచిన మనిషి. ఆమె భర్త తిరుపతిసామి కడలెమిట్టాయి అనే పల్లీపట్టీల పెట్టెలు తీసుకెళ్ళే వ్యానుకి డ్రైవరు. అతనికి కాలు విరిగితే ఆస్పత్రికి వచ్చి రెండు గంటలు పక్కన కూర్చున్న మనిషి. ఆయనకి ఉన్నదల్లా మర్యాద పిచ్చి. అదీ ఆయన తెచ్చుకున్నది కాదు, తండ్రి నుంచి ప్రెస్సుతో పాటు వచ్చింది. మొదలాళి నిలబడి ఉండగా మెషిన్ మోగించినందుకు ఆ తండ్రి ఒకణ్ణి ఆ పూటే పంపేశాడట. అప్పటి నుంచీ అక్కడ అదే ఆచారం. మెట్ల మీద మొదలాళి చెప్పుల చప్పుడు వినపడితే చాలు, కాగితాలు కోసే కట్టింగ్ మెషిన్ మీదుండే పాల్‌పాండి ఎర్ర బటన్ నొక్కేస్తాడు, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకుంటాడు, అందరూ లేచి నిలబడతారు. రంగనాథన్‌కి తన ప్రెస్సు మోత ఎలా ఉంటుందో అసలు తెలుసా అని నాకు అనుమానం.

పాత కంప్యూటర్ ఆయుష్షు తీరి ఆగిపోయింది. రంగనాథన్ అల్లుడు బాలచందర్‌కి ఊళ్ళో కంప్యూటర్ల అంగడి ఉంది. ఇంక వేరేచోట కొనే మాటే లేదు. రాహుకాలం దాటాక పెట్టె తెరిచి, మానిటర్‌కి చందనం బొట్టు పెట్టి, నిమ్మకాయ తిప్పి కొట్టారు. అయితే వాస్తు చెప్పేవాడొకడు వచ్చి, టైపు కొట్టే మనిషి తూర్పు మొహం పెట్టాలన్నాడు. కిటికీ దగ్గర ఇరవై ఒక్క ఏళ్ళున్న బల్లని మూలకి జరిపారు. ఆ మూలకి అవతల ఒక ప్లైవుడ్ తడిక, తడికకి అవతల కట్టింగ్ మెషిన్. మూలలో కరెంటు పాయింటు లేదు. బాలచందర్ తడికకి బెజ్జం పెట్టి, కట్టింగ్ మెషిన్ బోర్డులోంచే ఒక వైరు లాగి కంప్యూటర్‌కి ఇచ్చాడు. ఎర్త్ గిర్త్ ఏమీ చూడలేదు. ఈ వైరు సంగతి గుర్తుంచుకోండి, అక్కడ ఎవరూ గుర్తుంచుకోలేదు.

మూడో రోజు వేలమ్మాళ్ ఒక పెళ్ళికూతురి పేరు కొడుతోంది. తెర వణికింది. అడ్డంగా చారలు పడ్డాయి. ఆ తర్వాత మొత్తం నల్లబడింది. రెండు ఊపిర్లు తీసేంత సేపు. మళ్ళీ ఏమీ ఎరగనట్టు వెలిగింది. నల్లబడినప్పుడు కొట్టిన అక్షరాలు కొన్ని రెండేసి పడ్డాయి, కొన్ని పడనే లేదు. ఆ రోజు అలా పదిసార్లు జరిగింది, మర్నాడు పదిహేను.

ఆమె వెళ్ళి చెప్పింది. రంగనాథన్ వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ కుర్చీలో పావుగంట కూర్చున్నాడు. తెర కడిగిన పళ్ళెంలా ఉంది. ఆయన లేచి వెళ్ళాడు. చెప్పుల చప్పుడు మెట్లు దిగిందో లేదో, నల్లబడింది.

బాలచందర్ మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి కేబుల్ మార్చాడు. రెండోసారి లోపలి సాఫ్ట్‌వేర్ ఏదో తీసేసి మళ్ళీ వేశాడు. మూడోసారి మానిటర్‌నే మార్చి అంగడిలోని ఇంకొకటి పెట్టాడు. వచ్చిన ప్రతిసారీ గంటసేపు కూర్చున్నాడు. అల్లుడంటే మొదలాళిలో సగం, కాబట్టి అతను కూర్చున్నంత సేపూ తడిక అవతల పాల్‌పాండి తువ్వాలు చేతిలో పెట్టుకుని నిలబడే ఉన్నాడు. తెర మీద ఒక్క చార కూడా పడలేదు. మూడోసారి బాలచందర్ బ్యాగు సర్దుకుంటూ, వస్తువులో ఏ లోపమూ లేదు మామయ్యా, పాత కంప్యూటర్ అలవాటైన వాళ్ళకి కొత్తది ఎక్కదు, అన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని అక్కడున్న ఇంకెవరో నవ్వారు. 

సాయంత్రం రంగనాథన్ ఆమెని గదికి పిలిచాడు.

"నల్లబడేది తెర కాదు, వేలమ్మా. నీ కండ్లు. వయసు నలభై దాటె గదా. పోయి చూపించుకో."

"కండ్లయితే ఇంట్లో కూడా నల్లబడాల గదా, మామా."

"చెప్పేది విను."

ఆదివారం ఆమె కోవిల్‌పట్టిలో కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. చూపు బాగుంది, చదివేటప్పుడు పెట్టుకునే జోడు ఒక్కటి చాలు అని రాసిచ్చారు. ఆ చీటీ తెచ్చి మామ బల్ల మీద పెట్టింది. ఆయన చదివి మడిచి పక్కన పెట్టాడు. కళ్ళు బాగుంటే ఇంకేం కావాలి, మనసు పెట్టి పని చెయ్యి, అన్నాడు. కళ్ళు బాగాలేవని రాసుంటేనే తనకి నయంగా ఉండేదని, రోజూ కోవిల్‌పట్టి నుంచి వచ్చి పోయే రైల్లో ఆమెకి తోచింది.

నిజం చెప్పాలంటే ఆమెకే భయం పట్టుకుంది. ఇంతమంది చూడనిది తనొక్కతే చూస్తోందంటే లోపం ఎక్కడుంది? పొద్దున ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని, సాత్తూరు దాటేదాకా ఒక కన్ను మూసి ఒక కంటితో, తర్వాత రెండో కంటితో, పొలాల్లోని తుమ్మచెట్లు చూస్తూ పోయేది. ఏదీ నల్లబడేది కాదు.

ఆ తర్వాతి మంగళవారం ఆ పని జరిగింది.

విరుదునగర్ పక్క ఊళ్ళో కొండసామి నాయకర్ తెల్లవారుజామున చనిపోయాడు. పది గంటలకి ఆయన మనుషులు నలుగురు పోస్టర్ కోసం వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆ వైపు చావు కబురు ఫోన్‌లో చెప్పినా, ఫోటోతో, పేరుతో, శవం లేచే టైముతో గోడల మీద పోస్టర్ పడాలి. ఇప్పుడు గోడకంటే ముందు అందరి ఫోన్లలోకి వెళ్ళిపోతోంది. ప్రెస్సులో దానికి ఒక పద్ధతి ఉంది. పాత పోస్టర్ ఒకటి తెరిచి పేరు, ఫోటో, టైము మారుస్తారు. వేలమ్మాళ్ తెరిచిన పాత పోస్టర్‌లో సాయంత్రం అయిదు గంటలని ఉంది. వీళ్ళు చెప్పింది నాలుగు. ఆమె అయిదు తీసి నాలుగు కొట్టింది. తెర నల్లబడింది. వెలిగాక చూస్తే నాలుగు పక్కన ఇంకో నాలుగు పడి ఉంది. కొట్టింది వెనక్కి తీసే బటన్ నొక్కింది. మళ్ళీ నల్లబడింది. ఆ చీకట్లో అది పడిందో లేదోనని ఇంకోసారి నొక్కింది. అప్పుడే ఫోన్ మోగింది. రంగనాథన్ ఇంటి నుంచి. ప్రూఫ్ అక్కర్లేదు, వాళ్ళు చావింట్లోంచి వచ్చిన మనుషులు, కూర్చోబెట్టకు, పంపించెయ్యి, అన్నాడు. ప్రూఫ్ తియ్యకుండా ఆమె ఏదీ పంపదు. ఆ రోజు పంపింది. ఆ ఒక్కటి మాత్రం తన తప్పేనని ఇప్పటికీ అంటుంది.

రెండు నొక్కులూ పడి, తీసేసిన అయిదే వెనక్కి వచ్చింది. పోస్టర్‌లో అయిదు గంటలని ఉంది.

కొండసామి నాయకర్‌కి ఒక్క అక్క, గురువమ్మాళ్, కడంబూరులో. ఎనభైకి దగ్గర. తమ్ముడు పోతే ఆడపడుచు తెచ్చిన కొత్త బట్ట చివరగా కప్పాలి. మనవడు ఫోన్‌లో పోస్టర్ చూసి, అయిదింటికి కదవ్వా, నిదానంగా పోదాం, అన్నాడు. ఆమె కొత్త పంచె కొని, మడతపెట్టి చంకలో పెట్టుకుని, నాలుగున్నరకి దిగింది. అప్పటికే శవం లేచి వెళ్ళిపోయింది. ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళరు. ముసలామె ఖాళీ పందిట్లో కొంతసేపు కూర్చుని, చంకలో పంచె చంకలోనే ఉండగా, తిరిగి బస్సెక్కింది.

మర్నాడు రంగనాథన్ వేలమ్మాళ్‌ని కార్లో కడంబూరు తీసుకెళ్ళాడు.  గుమ్మంలో నిలబడి, ఈమే చేసింది, మీ కాళ్ళ మీద పడేదానికి తెచ్చితిని, అన్నాడు. వేలమ్మాళ్ పడింది. ముసలామె తిట్టి ఉంటే బాగుండేది. తల మీద చెయ్యి పెట్టింది.

"నా తమ్ముని మొగం నాకి చూపించకుండా చేస్తివే బిడ్డా. నేను నీకేం చేస్తిని?"

 తెర నల్లబడిందని వేలమ్మాళ్ ఆ గడపలో ఎలా చెప్తుంది?

ప్రెస్సులో కుర్చీ మారింది. ప్రియా అనే కాలేజీ చదివిన పిల్ల వచ్చి కూర్చుంది. వేలమ్మాళ్‌ని కవర్లు అంటించే బల్లకి పంపారు. జీతం తగ్గించలేదు, రంగనాథన్ ఆ విషయం రెండుసార్లు గుర్తు చేశాడు. పెళ్ళిపత్రికలు ఇచ్చేవాళ్ళు ఇంతకుముందు ఆమె పక్కన నిలబడి, అమ్మా కొంచెం చూసి కొట్టండి అనేవాళ్ళు. ఇప్పుడు బంకతో తడిసిన ఆమె చేతుల్ని ఒకసారి చూసి, ప్రియా వైపు వెళ్ళి, ఆ చావు పోస్టర్ ఆమె కాదు గదా ఇది కొట్టేది, అని అడిగేవాళ్ళు. అంటించే బల్ల దూరంగా లేదు. అన్నీ వినపడేవి.

దేవుడు ఎక్కడో ఒకచోట వెటకారం చేస్తాడు. ఆమెకి ఆ బల్ల దగ్గర్నుంచి తడికకి రెండు వైపులా కనపడింది. ఇటు కంప్యూటర్ తెర, అటు కట్టింగ్ మెషిన్. కుర్చీలో ఉన్నంత కాలం తడికకి వీపు పెట్టి కూర్చుంది. మెషిన్ మోత పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆగుతూ మొదలవుతూనే ఉండేది, కాబట్టి చెవికి ఎక్కేది కాదు. ఇప్పుడు చూసింది. పాల్‌పాండి పచ్చ బటన్ నొక్కాడు, మోటారు గుర్రుమంది, ప్రియా ముందు తెర నల్లబడింది. ప్రియా ఉలిక్కిపడలేదు, కాసేపు చేతులు కట్టుకుని కూర్చుని మళ్ళీ కొట్టుకుంది. ఇదివరకు నోరు విప్పిన మనిషి ఎక్కడ కూర్చుందో ఆ పిల్లకి ఎదురుగానే కనపడుతోంది కదా.

వేలమ్మాళ్ ఒక చెడిపోయిన కార్డు తీసి గీతలు పెట్టడం మొదలెట్టింది. మోటారు పదిహేడుసార్లు మొదలైంది. తెర పదిహేడుసార్లు నల్లబడింది. పద్దెనిమిదోసారికి మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది. పాల్‌పాండి ఎర్ర బటన్ నొక్కి తువ్వాలు తీశాడు. అందరితో పాటు ఆమె కూడా లేచి నిలబడింది. అప్పుడు అర్థమైంది ఆమెకి. ఈ మనిషికి మనం లేచి నిలబడినన్నాళ్ళూ ఈ మనిషికి అది కనపడదు. ఆమెకి నవ్వొచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తర్వాత చూస్తే కొంగు తడిగా ఉంది.

ముందు పాల్‌పాండితో చెప్పింది. అతను తమిళంలో, నిజమేనమ్మా, అని ఒప్పుకున్నాడు. కానీ మొదలాళి నిలబడి ఉండగా మెషిన్ తిప్పాలంటే తన చెయ్యి ఆడదన్నాడు. పిల్లలున్న వాడు, అతన్ని అనేందుకేమీ లేదు. వేలమ్మాళ్ గదికి వెళ్ళింది.

"మామా, ఒక్కసారి. మీరు నిలబడి ఉండంగా మెషిను తిప్పమని మీ నోటితోనే చెప్పండి. తెర నల్లబడకపోతే నేను ఇంక ఈ మెట్లు ఎక్కను."

ఆయన మూడు రోజులు ఊరుకున్నాడు. నాలుగో రోజు అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. ఈ గోల ఇవాళతో తీరిపోవాలని అందరికీ వినపడేలా అన్నాడు. పాల్‌పాండిని తిప్పమన్నాడు. పాల్‌పాండి తువ్వాలు భుజాన వేసుకోవాలో చేతిలో ఉంచుకోవాలో తెలియక చివరికి నేల మీద పెట్టి, పచ్చ బటన్ నొక్కాడు. తెర నల్లబడింది. ఆపాడు, వెలిగింది. మళ్ళీ నొక్కాడు, చారలు పడి నల్లబడింది. మూడోసారికి, రంగనాథన్ ఏమీ అనకముందే, బాలచందర్ కళ్ళు తడికలోని బెజ్జం మీదికి వెళ్ళాయి. రంగనాథన్ ఆ కళ్ళ వెంబడే చూశాడు. బెజ్జం, అందులోంచి వచ్చే వైరు, వైరు లాగిన అల్లుడు. బాలచందర్ ఫోన్ తీసి అందులో ఏదో వెతుకుతున్నాడు.

దొంగకి తేలు కుట్టినట్టు మామ వెనక్కి తిరిగి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మెషిన్ ఆపమని ఎవరూ చెప్పలేదు, అది అలా తిరుగుతూనే ఉంది.

రెండు రోజుల్లో కరెంటు మనిషి వచ్చి కంప్యూటర్‌కి వేరే లైను లాగి, ఎర్త్ వేసి వెళ్ళాడు. తెర మళ్ళీ నల్లబడలేదు. వేలమ్మాళ్ తన కుర్చీ కోసం ఎదురుచూసింది. పిలుపు రాలేదు. కుర్చీ తిరిగి ఇస్తే ఎందుకు ఇచ్చారో చెప్పాలి కదా. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అని ఊరికే అనలేదు. అల్లుడు చేస్తే వైరు కొంచెం అటూ ఇటూ అయ్యింది, వేలమ్మాళ్ చేస్తే ఒక ముసలిదాని కొంప మునిగింది. నాకు ఇది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆమెకి మండిందో లేదో, ఆమె మాత్రం గదిలోకి వెళ్ళి నెమ్మదిగానే అడిగింది.

"కుర్చీ నాకి వద్దు, మామా. ఆ పిల్లే కూచోనీ. మీరు కడంబూరు పోయి ఆ అవ్వతో ఒక్క మాట చెప్పండి. తప్పు నాది కాదని. అంతే."

రంగనాథన్ చాలాసేపు బల్ల మీది పేపర్‌వెయిట్‌ని తిప్పాడు.

"చెప్తా. సమయం చూసి చెప్తా. బాలు మనింటి అల్లుడు గదా, వేలమ్మా. వాని అంగడికి పేరు పోతే నా బిడ్డ వచ్చి నా ఇంట్లో కూచుంటాది. కొంచెం ఆగు."

ఆమె ఆగింది. తనే వెళ్ళి చెప్పొచ్చు కదా అని తిరుపతిసామి ఒకసారి అన్నాడు. కాళ్ళ మీద పడి ఒప్పుకున్న మనిషి మళ్ళీ వెళ్ళి నేను కాదంటే ఎవరు నమ్ముతారు అని ఆమె జవాబు. అసలు సంగతి అది కాదు. మామ మాట ఇచ్చాడు, మామ వెళ్తాడు, ఇరవై ఒక్క ఏళ్ళ మీద ఆమెకి అంత నమ్మకం. నెలకోసారి గదిలోకి వెళ్ళి నిలబడేది. ఆయన ఏం అడగబోతోందో తెలిసి ముందే చెప్పేవాడు. ఆడి నెలలో వద్దు, మంచిది కాదు, ఆవణి రానీ. ఆవణిలో పెళ్ళిపత్రికల పని నెత్తిమీద ఉంది, పురట్టాసి పోనీ. తమిళ నెలలు ఆయనకి చుట్టాల్లా ఒకటి వెనక ఒకటి సాయం వచ్చాయి.

ఐప్పశి నెలలో ఒక పొద్దున వానగా ఉంది. రంగనాథన్ చేతిలో ఒక కాగితంతో మెట్లెక్కి వచ్చాడు. మెషిన్ ఆగింది. అందరూ లేచారు. ఆయన కంప్యూటర్ వైపు వెళ్ళలేదు, అంటించే బల్ల దగ్గరికి వచ్చి కాగితం ఆమె ముందు పెట్టాడు. ఇది నువ్వే కొట్టు, ప్రియా చేతికి ఇచ్చేందుకు నాకు ధైర్యం చాలలేదు, అని తమిళంలో అన్నాడు.

వేలమ్మాళ్ చేతుల బంక తుడుచుకుని కాగితం చదివింది. గురువమ్మాళ్, వయసు డెబ్బై తొమ్మిది, కడంబూరు. శవం లేచేది సాయంత్రం నాలుగు గంటలకి.

ఆమె తలెత్తింది. పాల్‌పాండి, ప్రియా, ఆఫ్‌సెట్ అచ్చు మెషిన్ వాళ్ళు, అందరూ నిలబడి ఉన్నారు.

"చెప్పితిరా, మామా?"

తెలుగులో అడిగింది. నలుగురిలో మామా అంది. ఇరవై ఒక్క ఏళ్ళలో మొదటిసారి.  రంగనాథన్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. కడంబూరు వెళ్ళలేదు, చెప్పలేదు.

ఆమె వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుంది. ఆయన నిలబడే ఉన్నాడు, ఆమె కూర్చునే కొట్టింది. పేరు, ఊరు, మనవల పేర్లు, టైము. ప్రూఫ్ తీసి వేలు పెట్టి చదివింది. మళ్ళీ తీసి చదివింది. మూడోసారి చివరి నుంచి మొదటికి చదివింది. ఒక్క అక్షరం అటూ ఇటూ కాలేదు. వేలమ్మాళ్ చేతిలో తప్పు పడదు. అచ్చు ప్లేటు చేసేందుకు ఇచ్చేసి, చెప్పులు తొడుక్కుని, సెలవు అడక్కుండా మెట్లు దిగింది.

కోవిల్‌పట్టి బస్సు, అక్కడ నుంచి కడంబూరు బస్సు. రెండున్నరకల్లా చేరింది. పందిరి కింద వాన చినుకులు కారుతున్నాయి. ముసలామెని చాప మీద పడుకోబెట్టారు. చుట్టూ ఆడవాళ్ళు భుజాలు పట్టుకుని గుండ్రంగా కూర్చుని ఏడుస్తున్నారు. తలవైపు ఒక పంచె ఉంది, కొత్తది, మడత విప్పనిది, మడతల దగ్గర పసుపు రంగుకి తిరిగింది. తమ్ముడికి కప్పలేకపోయిన పంచె. తనతో పాటు పంపమని చెప్పి పోయిందట.

వేలమ్మాళ్ ఆ పంచె పక్కన కూలబడింది. మామ చెప్పని మాట ఆమె నోట వచ్చింది, అది ఏడుపుతో కలిసి వచ్చింది.

"నేను కాదవ్వా. నాలుగనే కొట్టితిని అవ్వా. తెర నల్లబడె. వైరు లాగినోడు వేరే, నోరు మూసుకున్నోడు వేరే. నేను కాదవ్వా, నేను కాదు. ఒక్క మాట చెప్పండని ఎన్ని నెలలు నిలబడితిని అవ్వా."

చావింట్లో ఏడుపుల మాటలు ఎవరు వింటారు? తిట్లూ ఉంటాయి, పాత తగాదాలూ ఉంటాయి, చచ్చినవాళ్ళని నిలదీయడమూ ఉంటుంది, అన్నీ ఏడుపులోకే లెక్క. చుట్టూ ఉన్నవాళ్ళు ఆమె గొంతుకి తమ గొంతు కలిపారు. ఆమె ఎంత గట్టిగా చెప్తే వాళ్ళు అంత గట్టిగా ఏడ్చారు.

గుర్తుపట్టిన ఒకామె పక్కనామె చెవిలో చెప్పింది, ఆ ప్రెస్సు ఆమె. ఆ మాట గుండ్రంగా తిరిగి వచ్చింది. పక్కనామె కళ్ళు తుడుచుకుని వేలమ్మాళ్ వీపు నిమిరింది.

"ఊరుకో తల్లీ. చేసిన తప్పుకి ఇన్నాళ్ళా కుమిలిపోయేది? అవ్వ నిన్ను ఎప్పుడో మన్నించె."

నాలుగు గంటలకి, పోస్టర్‌లో ఉన్నట్టే, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా శవం లేచింది.